ఇంటి కెమెరాకు విడిగా ఐఆర్ లైటు: ఏది కొనాలి, కరెంటు ఎలా ఇవ్వాలి, ఎక్కడ బిగించాలి

"పగలు బాగానే కనిపిస్తోంది, రాత్రయితే గేటు దగ్గర ఎవరున్నారో తెలియడం లేదు. కెమెరా మార్చెయ్యాలా?" అని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువ ఇళ్లలో మార్చక్కర్లేదు. కెమెరాలో ఉన్న చిన్న ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి దాదాపు కనిపించని వెలుగు) దీపాల వెలుగు అంత దూరం వెళ్లడం లేదు, అంతే. విడిగా ఒక ఐఆర్ లైటు పెడితే సరిపోతుంది. కాకపోతే లైటు కొన్నవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చి "పెట్టినా తేడా లేదు" అంటారు. ఆ తేడా రాకపోవడానికి కారణం చాలాసార్లు లైటు కాదు. దానికి వేసిన సన్నటి వైరు, లేదంటే బిగించిన చోటు.

మా మామయ్య ఇంటి విషయమే చెబుతాను, దారి పొడుగునా అదే ఉదాహరణగా వాడుకుందాం. తణుకు దగ్గర పల్లెటూరు. వీధి గేటు ఇంటికి 30 మీటర్ల దూరం. వెనక పెరట్లో పశువుల పాక, దాని పక్కనే బోరు మోటారు. ఒక రాత్రి మోటారు కేబులు కోసుకుపోయారు. కెమెరాలో రికార్డయితే అయింది గానీ, కనిపించింది నల్లటి నీడ ఒక్కటే. ఆ తర్వాత ఐఆర్ లైటు తెచ్చి పెట్టాం. మొదటిసారి అదీ సరిగ్గా పనిచెయ్యలేదు. ఎందుకో ఐదో భాగంలో చెబుతాను.

1. కొనే ముందు ఒక రాత్రి పరీక్ష చెయ్యండి

డబ్బు పెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఒక్క రాత్రి, అరగంట చాలు.

మొదటిది: మీ కెమెరా ఐఆర్ వెలుగును చూడగలదా? పగలు రంగులు చెడకుండా, సెన్సర్ ముందు ఐఆర్‌ను ఆపే ఒక చిన్న ఫిల్టర్ ఉంటుంది. చీకటి పడగానే అది పక్కకు జరుగుతుంది. నిశ్శబ్దంగా ఉంటే "టిక్" అన్న చప్పుడు వినిపిస్తుంది, బొమ్మ నలుపు తెలుపులోకి మారుతుంది. అలా మారే కెమెరా అయితేనే ఐఆర్ లైటు పనికొస్తుంది. రాత్రంతా రంగుల్లోనే చూపించే కెమెరాలు కొన్నిటికి ఈ ఫిల్టర్ కదలదు. వాటి ముందు ఎంత పెద్ద ఐఆర్ లైటు పెట్టినా దండగే, వాటికి మామూలు తెల్ల లైటే కావాలి.

తేల్చుకోవడం తేలిక. చీకట్లో కెమెరా సెట్టింగుల్లో దాని సొంత ఐఆర్ ఆపెయ్యండి. మోడ్‌ను నలుపు తెలుపులో ఉంచండి. టీవీ రిమోట్‌ను ఒక మీటరు దూరం నుంచి కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. తెరమీద రిమోట్ మూతి తెల్లగా మెరిస్తే మీ కెమెరా పనికొస్తుంది.

రెండోది: అద్దం శుభ్రంగా ఉందా? ఏడాదిగా తుడవని డోమ్ కెమెరా మీద దుమ్ము పేరుకుని, సొంత ఐఆర్ ఆ దుమ్ము మీదే పడి బొమ్మంతా పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. మెత్తటి తడిగుడ్డతో తుడిచి చూడండి. కొందరికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

మూడోది: ఎంత దూరం వరకు మనిషి గుర్తు పట్టేలా కనిపిస్తున్నాడు? టేపు పట్టుకుని కొలవండి. ఇంట్లో ఒకరిని 5, 10, 15, 20 మీటర్ల దగ్గర నిలబెట్టి రికార్డు చెయ్యండి. లైవ్‌లో చూసి సరిపెట్టుకోకండి, రికార్డింగే చూడండి. రేపు అవసరమయ్యేది అదే.

కాగితం మీద ఇవి రాసుకోండి:

- ముఖం తెలిసే దూరం ఎంత, మనిషి ఉన్నాడని మాత్రమే తెలిసే దూరం ఎంత
- నిజంగా కావలసిన దూరం ఎంత
- కెమెరా లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లు (కెమెరా మీద చీటీలోనో, డబ్బా మీదో ఉంటుంది)
- లైటు పెట్టాలనుకునే చోటికి దగ్గర్లోని ప్లగ్ పాయింటు ఎన్ని మీటర్లు, వైరు వెళ్లే దారిలో కొలిచి

ఈ నాలుగో కొలత చాలామంది వదిలేస్తారు. అసలు తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

2. 850 నానోమీటర్లా, 940 నానోమీటర్లా

బజారులో వెలుగు తరంగదైర్ఘ్యాన్ని బట్టి రెండు రకాలు దొరుకుతాయి. 850 నానోమీటర్ల లైటు వెలిగినప్పుడు నేరుగా చూస్తే మందమైన ఎరుపు కనిపిస్తుంది, ఆరిపోతున్న నిప్పుకణికలా. 940 అసలు కనిపించదు.

కనిపించనిదే మంచిదనిపిస్తుంది గానీ, మామూలు కెమెరా సెన్సర్లకు 940 దగ్గర చూపు బాగా తగ్గిపోతుంది. అదే వాట్ల లైటుతో 850 చేరే దూరంలో దాదాపు సగమే చేరుతుందని లెక్క వేసుకోండి. అందుకే గేటు, ప్రహరీ, పెరడు, పొలంలో మోటారు షెడ్డు లాంటి బయటి చోట్లకు 850 తీసుకోండి. ఎర్ర చుక్క కనిపిస్తే దొంగ కెమెరా ఉందని తెలుసుకుని వెనక్కి వెళ్లవచ్చు కూడా.

940 ఎప్పుడు? వరండా, మెట్లగది, పడకగది పక్క నడవా లాంటి 5 నుంచి 8 మీటర్ల లోపు చోట్లకు, ఎరుపు కంట్లో పడితే చిరాకుపడే పెద్దవాళ్లో పిల్లలో ఉన్నప్పుడు. ఒక కెమెరాకు రెండు రకాలూ కలపకండి. 850 పడిన చోటు మెరిసిపోయి, 940 పడిన చోటు మసకగా మిగులుతుంది.

3. కోణం ముందు, వాట్లు తర్వాత

లైటు వెడల్పు కెమెరా చూపు వెడల్పుకు సరిపోవాలి. మామూలు ఇంటి కెమెరాల్లో లెన్స్‌ను బట్టి అడ్డంగా కనిపించే కోణం సుమారుగా ఇలా ఉంటుంది:

- 2.8 మిల్లీమీటర్లు: 100 నుంచి 110 డిగ్రీలు
- 4 మిల్లీమీటర్లు: 80 డిగ్రీల చుట్టుపక్కల
- 6 మిల్లీమీటర్లు: 50 డిగ్రీల చుట్టుపక్కల
- 12 మిల్లీమీటర్లు: 25 నుంచి 30 డిగ్రీలు

2.8 లెన్స్ కెమెరాకు 30 డిగ్రీల లైటు పెడితే తెర మధ్యలో ఒక తెల్లటి గుండ్రం, చుట్టూ చీకటి. కెమెరా ఆ తెలుపును చూసి మొత్తం బొమ్మను ఇంకా చీకటి చేస్తుంది. 90 డిగ్రీల లైటుతో 30 మీటర్ల గేటును వెలిగించాలనుకుంటే వెలుగంతా పక్క గోడల పాలవుతుంది.

కానీ తెరంతా వెలగాలన్న నియమమూ లేదు. మామయ్య ఇంట్లో ముందువైపు కెమెరా 4 మిల్లీమీటర్లది. అయినా గేటు కోసం 45 డిగ్రీల లైటే పెట్టాం. మాకు కావలసింది గేటూ, దాని ముందు నాలుగడుగులూ. ఇంటి దగ్గరి వాకిలికి కెమెరా సొంత ఐఆర్ చాలుతోంది.

ఇంకొక మాట. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. 10 మీటర్ల దగ్గర చక్కగా కనిపించే లైటు 20 మీటర్ల దగ్గర అంతే కనిపించాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. కాబట్టి దూరం నుంచి పెద్ద లైటు కొట్టడం కంటే, చిన్న లైటును గేటు దగ్గరికే తీసుకెళ్లి పెట్టడం చవక. లైటు కెమెరా పక్కనే ఉండాలని ఎక్కడా లేదు. తక్కువ బడ్జెట్‌లో మంచి ఫలితం రావాలంటే నాకు తెలిసిన దారి ఇదే.

4. డబ్బా మీది రాతలు ఎలా చదవాలి

"100 మీటర్లు" అన్న అంకెను పక్కన పెట్టండి. ఏ కెమెరాతో, ఏ కోణంలో, ఎంత స్పష్టంగా అని చెప్పని దూరానికి అర్థం లేదు. ఎల్‌ఈడీల సంఖ్య కూడా అంతే. 48 చిన్న బుడ్డి ఎల్‌ఈడీల కంటే నాలుగు పెద్ద అరే (గుంపుగా పేర్చిన) ఎల్‌ఈడీలు ఎక్కువ వెలుగివ్వవచ్చు. చూడవలసినవి ఇవి:

- వోల్టేజీ: 12 వోల్టుల డీసీ అయితే కెమెరా అడాప్టర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు (చాలా కెమెరాలకు ఒకేచోటి నుంచి కరెంటిచ్చే పెట్టెలు) అన్నీ పనికొస్తాయి
- ఎంత కరెంటు తీసుకుంటుంది: 12 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ అంటే 12 వాట్లు. లైటు వాట్లు రాసి ఆంపియర్లు రాయకపోతే, కొట్లో మల్టీమీటరు పెట్టి కొలవమనండి
- నీటి రక్షణ: ఆరుబయట కనీసం ఐపీ 65, వాన నేరుగా కొట్టే చోట ఐపీ 66
- ఒళ్లు: అల్యూమినియం బాడీ. వేడి బయటికి పోకపోతే ఎల్‌ఈడీలు త్వరగా మసకబారతాయి
- పగలు రాత్రి సెన్సర్: ముందువైపు చిన్న గుండ్రటి ఎల్‌డీఆర్ ఉండాలి. చీకటి పడితే తనంతట తానే వెలుగుతుంది
- స్టాండు: కింద మీదకే కాక పక్కలకూ తిరగాలి, స్క్రూ బిగిస్తే గాలికి కదలకూడదు

కొట్లోనే పరీక్షించండి. ఎల్‌డీఆర్ మీద వేలు పెట్టి మూసి, లైటును ఫోన్ కెమెరాతో చూడండి. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, చాలా ఫోన్లలో దానికి ఐఆర్ ఎక్కువ కనిపిస్తుంది. ఎల్‌ఈడీలన్నీ ఊదా రంగులో సమానంగా వెలగాలి. ఒక వరుస చచ్చి ఉంటే తీసుకోకండి. ఈ పరీక్షలో మీ కళ్లతో లైటులోకి దగ్గర నుంచి తేరిపార చూడకండి. వెలుగు కంటికి దాదాపు కనిపించదు కాబట్టి కనుపాప ముడుచుకోదు, రెప్ప పడదు.

5. కరెంటు: ఇక్కడ తొందరపడకండి

మొదటిసారి మామయ్య ఇంట్లో ఏం జరిగిందంటే, ఇంట్లోని అడాప్టర్ నుంచి గేటు దాకా 30 మీటర్లు 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు లాగాం. లైటు వెలిగింది. ఎర్రటి చుక్కలూ కనిపించాయి. తెరమీద మాత్రం గేటు మసకే. లైటే నాసిరకమని తిట్టుకుని, చివరికి మల్టీమీటరు తెచ్చి లైటు దగ్గర కొలిస్తే 9.7 వోల్టులు. అడాప్టర్ దగ్గర సరిగ్గా 12. మిగతా 2.3 వోల్టులు దారిలో వైరే తినేసింది.

లెక్క చూడండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. కాబట్టి 30 మీటర్ల దూరమంటే 60 మీటర్ల రాగి. 1 ఆంపియర్ లైటుకు, మంచి రాగి వైరులో పోయే వోల్టేజీ ఇంచుమించు ఇలా ఉంటుంది:

- 0.5 చదరపు మిల్లీమీటర్లు: 2.3 వోల్టులు పోతుంది, లైటుకు 9.7 అందుతుంది
- 0.75: 1.6 పోతుంది, 10.4 అందుతుంది
- 1.0: 1.2 పోతుంది, 10.8 అందుతుంది
- 1.5: 0.8 పోతుంది, 11.2 అందుతుంది
- 2.5: 0.5 పోతుంది, 11.5 అందుతుంది

దూరం సగమైతే నష్టం సగం. లైటు 2 ఆంపియర్లది అయితే నష్టం రెట్టింపు. ఎండాకాలం వైరు వేడెక్కితే ఇంకో పదో వంతు కలుస్తుంది. లైటు దగ్గర, లైటు వెలుగుతుండగా, 11 వోల్టులకు తగ్గకూడదన్నది నేను పెట్టుకున్న గీత.

రెండు వోల్టులకే ఇంత తేడా ఎందుకంటే, చవక లైట్లలో ఎల్‌ఈడీలను వరుసగా కలిపి ఒక రెసిస్టరు పెడతారు. వరుసలోని ఎల్‌ఈడీలకే 9 వోల్టులు కావాలనుకోండి. 12 ఇచ్చినప్పుడు రెసిస్టరు మీద 3 వోల్టులు మిగులుతాయి. 10.5 ఇస్తే ఒకటిన్నరే మిగులుతుంది, కరెంటు సగానికి పడిపోతుంది. వోల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే వెలుగు సగం పోయింది.

వైరు కొనేటప్పుడు గీకి చూడండి. పైన రాగి రంగు, లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దానిలో నష్టం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. చవకరకం కెమెరా కేబుళ్లలో, నెట్‌వర్క్ కేబుళ్లలో ఇది చాలా కనిపిస్తుంది.

ఇప్పుడు కరెంటు ఇచ్చే దారులు, నా ఇష్టం వరుసలో:

అ) 15 మీటర్ల లోపు అయితే విడి అడాప్టర్, 1.0 లేదా 1.5 వైరు. లైటు 1 ఆంపియర్ తీసుకుంటే అడాప్టర్ 2 ఆంపియర్లది తీసుకోండి. రాత్రి పన్నెండు గంటలు నిండు బరువు (లోడు) మొయ్యడం చవక అడాప్టర్ల వల్ల కాదు. కెమెరా అడాప్టర్‌కే లైటు కూడా తగిలించడం మాత్రం వద్దు. చీకటి పడి లైటు వెలగ్గానే వోల్టేజీ పడి కెమెరా రీస్టార్ట్ అవుతుంది. "సాయంత్రం ఆరున్నరకి కెమెరా ఆగిపోతోంది" అన్న ఫిర్యాదుకు నేను చూసినంతవరకు ఇదే కారణం.

ఆ) డీవీఆర్ (రికార్డింగు పెట్టె) దగ్గర ఇప్పటికే కెమెరా ఎస్‌ఎంపీఎస్ ఉంటే దాని మిగులు చూడండి. 5 ఆంపియర్ల దానిమీద 4కు మించి బరువు పెట్టకండి. నాలుగు కెమెరాలు అరేసి ఆంపియర్ తీసుకుంటే 2, రెండు లైట్లు ఒక్కో ఆంపియర్ అయితే మరో 2, అక్కడికి సరి. ప్రతి లైటు వైరు మొదట్లో 2 ఆంపియర్ల గాజు ఫ్యూజు పెట్టండి. ఎలక కొరికి వైర్లు కలిసినా ఎస్‌ఎంపీఎస్ మొత్తం పడిపోదు.

కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు వోల్టేజీ పెంచే చిన్న స్క్రూ ఉంటుంది. 12.5 దాకా పెంచితే కొంత నష్టం పూడుతుంది. 13 దాటించకండి, దగ్గరి కెమెరాలకు ఆ పూర్తి వోల్టేజీ వెళ్తుంది.

ఇ) 25 మీటర్లు దాటితే 24 వోల్టులు పంపి, లైటు పక్కన బక్ కన్వర్టర్‌తో 12కి దించండి. అదే లైటుకు 24 దగ్గర అర ఆంపియర్ పైచిలుకే పారుతుంది, నష్టం సగమవుతుంది. దారిలో ఒకటి రెండు వోల్టులు పోయినా కన్వర్టర్ 12 నికరంగా ఇస్తుంది. మామయ్య గేటుకు చివరికి మేం చేసింది ఇదే, పాత సన్న వైరు మార్చకుండానే. కన్వర్టర్‌ను లైటుకు తగిలించే ముందే 12కి సరిచెయ్యండి.

ఈ) ఐపీ కెమెరాలకు (నెట్‌వర్క్ కేబులుతో నడిచేవి) పీవోఈ స్విచ్, అంటే అదే కేబులులో కరెంటు కూడా పంపే స్విచ్ ఉంటే, ఖాళీ పోర్టు నుంచి నెట్‌వర్క్ కేబులు లాగి చివర 12 వోల్టుల స్ప్లిటర్ పెట్టండి. 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ఉన్న పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, అవతల చేరేది 12.95. పది వాట్ల లోపు లైటుకు చక్కగా సరిపోతుంది. 12 వాట్ల లైటుకు బొటాబొటి.

ఉ) 230 వోల్టులను గేటు దాకా తీసుకెళ్లి అక్కడ అడాప్టర్ పెట్టడం. పని చేస్తుంది, కానీ ఇది ఎలక్ట్రీషియన్ చెయ్యవలసిన పని. పైపులో వైరు, నీళ్లు చొరని పెట్టె, ఎర్తింగు, లీకేజీ వస్తే తెగే ఆర్‌సీసీబీ, నాలుగూ ఉండాలి. సన్‌షేడ్ కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీసి, దానికి పాలిథిన్ కవరు చుట్టడం చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. వాన కాలంలో ఇనుప గేటుకు కరెంటు వస్తే పోయేది ప్రాణం.

డీసీ జాక్ సాధారణంగా 5.5 × 2.1 మిల్లీమీటర్లది, లోపలి పిన్ను ప్లస్. అయినా తగిలించే ముందు మీటరు పెట్టి ప్లస్ మైనస్ చూడండి. తిరగేస్తే కొన్ని లైట్లు అక్కడికక్కడే పోతాయి.

6. కరెంటు పోయినప్పుడు

దొంగకు కావలసింది కరెంటు లేని రాత్రే. కాబట్టి ఇది అదనపు హంగు కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే లైటు అడాప్టర్‌నూ డీవీఆర్‌నూ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి. 150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. ఫ్యాన్ల పక్కన 10 వాట్ల లైటు ఒక లెక్కలోది కాదు.

రౌటర్లకు వాడే చిన్న డీసీ యూపీఎస్ వాడాలనుకుంటే లెక్క చూసి కొనండి. దానిమీద రాసే మిల్లీఆంపియర్ అవర్లు లోపలి సెల్లుల 3.7 వోల్టుల దగ్గరవి. 8000 అని రాసి ఉంటే 8 × 3.7, దాదాపు 30 వాట్ అవర్లు. మార్పిడిలో పోగా 25 చేతికొస్తాయి. 10 వాట్ల లైటు రెండున్నర గంటలు వెలుగుతుంది. కెమెరాను కూడా దానికే తగిలిస్తే గంటన్నర చిల్లర.

రోజుకు 12 గంటల చొప్పున 10 వాట్ల లైటు నెలకు 3.6 యూనిట్లు కాలుస్తుంది. బిల్లు భయంతో రాత్రి మధ్యలో ఆపెయ్యక్కర్లేదు.

7. బిగించే వరుస

గోడకు కన్నం పెట్టడం చివరి పని. ముందు ఇలా చెయ్యండి:

1. లైటును ఒక కర్రకు కట్టి, తాత్కాలిక వైరుతో రాత్రిపూట అనుకున్న చోట పట్టుకోండి. ఇంకొకరు ఫోన్‌లో కెమెరా చూస్తూ చెప్పాలి.
2. కెమెరాకు కనీసం ఒక మీటరు పక్కగానో కిందగానో జరపండి. వెలుగు లెన్స్ పక్క నుంచే వస్తే ప్రతి వాన చినుకూ, ధూళి కణమూ, సాలెపోగూ తెల్లగా మెరుస్తాయి. ఈ దూరం ఒక్కటే సగం చికాకులు తీరుస్తుంది.
3. ఎత్తు రెండున్నర నుంచి మూడున్నర మీటర్లు ఉంచండి. చేతికి అందకూడదు, తుడవడానికి నిచ్చెనకు అందాలి.
4. లైటుకు దగ్గరగా తెల్లగోడ, సన్‌షేడ్ అంచు, చెట్టు కొమ్మ ఉన్నాయేమో చూడండి. ఆకులు ఐఆర్‌ను బాగా తిరగగొడతాయి. రెండడుగుల దూరంలో ఒక్క అరటాకు అడ్డొచ్చినా తెరంతా అదే వెలుగుతుంది, వెనక మనిషి కనిపించడు.
5. వీధి దీపం వెలుగు ఎల్‌డీఆర్ మీద పడకుండా చూడండి. పడితే లైటు వెలగదు.
6. తృప్తిగా ఉన్నాకే గుర్తు పెట్టి కన్నాలు వెయ్యండి. పాత సున్నపు గోడల్లో పొడుగు స్క్రూలు వాడండి.
7. వైరు లైటులోకో పెట్టెలోకో వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి. నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, లోపలికి పాకవు.
8. జాయింట్లన్నీ జంక్షన్ బాక్సులో ఉంచండి. పెట్టెకు కన్నాలు కింది వైపునే వెయ్యండి. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టి వానకు వదిలితే ఒక్క సీజనులో పచ్చగా చిలుము పడుతుంది.
9. వెలుగుతుండగా లైటు దగ్గర వోల్టేజీ మళ్లీ కొలిచి, పెట్టె మూతలోపల తేదీతో రాయండి.

పక్కింటి కిటికీ వైపు లైటూ కెమెరా తిప్పకండి. ముందే వాళ్లకు ఒక మాట చెప్పండి. మామయ్య వాళ్ల ఎదురింటి పిన్నిగారు రెండు రాత్రులు ఆ ఎర్ర చుక్కల్ని చూసి భయపడ్డారు. దేనికోసం పెట్టామో చెప్పాక, "మా గుమ్మం కూడా కాస్త కనబడేలా పెట్టకూడదా, బాబూ" అన్నారు.

8. గురి, కెమెరా సెట్టింగులు

వెలుగు మధ్యభాగాన్ని చూడాలనుకున్న దూరంలోని చివరి అంచుకు గురిపెట్టండి. నేలకు గురిపెడితే దగ్గరి సిమెంటు వాకిలి మెరిసి, దూరం నల్లబడుతుంది.

తర్వాత సెట్టింగులు. కెమెరా సొంత ఐఆర్‌ను ఆపి ఒకసారి, ఉంచి ఒకసారి రికార్డు చేసి పోల్చండి. సాలీళ్లు ఎక్కువగా ఉండే చోట ఆపెయ్యడమే మేలు. కొన్ని కెమెరాల్లో సొంత ఐఆర్ ఆపితే నలుపు తెలుపు మోడ్ కూడా పోతుంది. అలాంటి వాటిలో దాన్ని తగ్గించి ఉంచండి.

కెమెరా రంగుల్లోకీ నలుపు తెలుపులోకీ మాటిమాటికీ మారుతుంటే, ఐఆర్ వెలుగు చూసి తెల్లవారిందనుకుంటోందని అర్థం. మోడ్‌ను టైము ప్రకారం మారేలా పెట్టండి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు వరకు.

వెలుగు సరిపోయాక షట్టర్‌ను 1/50 నుంచి 1/100 సెకను మధ్య నిలపండి. నడిచే మనిషి ముఖం చెదరదు. గెయిన్ (చీకట్లో బొమ్మను కృత్రిమంగా ప్రకాశవంతం చేసే సెట్టింగు) కూడా తగ్గించండి. చుక్కలు తగ్గడంతో రికార్డింగు తీసుకునే చోటూ తగ్గుతుంది.

ఒక హెచ్చరిక: ఐఆర్ బొమ్మలో బట్టల రంగులు నమ్మకండి. నల్ల చొక్కా చాలాసార్లు తెల్లగా కనిపిస్తుంది. పోలీసులకు చెప్పేటప్పుడు "తెల్ల చొక్కా వేసుకున్నాడు" అని రాయించకండి. ఎత్తు, నడక, చేతిలో ఉన్న వస్తువు చెప్పండి.

9. ఏదో తేడా కొడుతోందా? ఇక్కడ చూడండి

లైటు వెలుగుతోంది, తెరమీద తేడా లేదు. కెమెరా రంగుల మోడ్‌లో ఉందేమో చూడండి. తర్వాత లైటు దగ్గర వోల్టేజీ కొలవండి.

దగ్గరికొచ్చిన ముఖం తెల్లకాగితంలా ఉంది. లైటును కాస్త పైకెత్తండి. కెమెరాలో స్మార్ట్ ఐఆర్ (దగ్గరివి మెరవకుండా సర్దే సెట్టింగు) ఉంటే ఆన్ చెయ్యండి. అదీ చాలకపోతే లైటు అద్దం మీద పలచటి తెల్ల ట్రేసింగ్ కాగితం అతికించి వెలుగు పరచండి. ఎండకాలానికి ముందు కాగితం మార్చాలి.

రాత్రంతా అలర్టులు వస్తున్నాయి. ముందు లెన్స్ దగ్గర సాలెగూడు చూడండి. తొలకరికి ఉసిళ్లు లేచే రోజుల్లో దగ్గరి ట్యూబులైటు ఆపండి. వాటిని రప్పించేది ఆ తెల్ల వెలుగే, ఐఆర్ కాదు.

కిటికీ లోపల నుంచి చూసే కెమెరాకు అద్దమే కనిపిస్తోంది. సొంత ఐఆర్ ఆపి, లైటును కిటికీ బయట పెట్టండి. అద్దానికి ఎండ ఆపే ఫిల్మ్ ఉంటే అది ఐఆర్‌నూ ఆపవచ్చు, లెన్స్ ముందు మేర ఫిల్మ్ తీసెయ్యండి.

లైటు వెలిగి ఆరి వెలుగుతోంది. అడాప్టర్ బరువు మొయ్యలేకపోతోంది, లేదా జాక్ వదులుగా ఉంది. అడాప్టర్ ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందంటే పెద్దది మార్చండి.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున తెరంతా తెలుపు. పొగమంచు. దానికి పూర్తి మందు లేదు. లైటు కెమెరాకు ఎంత దూరంగా ఉంటే అంత నయం.

10. నెలకోసారి పది నిమిషాలు

- లైటు అద్దం, కెమెరా అద్దం తుడవడం, చుట్టూ సాలెగూళ్లు దులపడం
- ఎల్‌డీఆర్ మూసి ఫోన్‌తో చూసి, చచ్చిన వరుసలు ఉన్నాయేమో చూసుకోవడం
- అడ్డొచ్చే కొమ్మలు కొట్టడం
- మెయిన్ ఆపి, బ్యాటరీ మీద లైటు ఎంతసేపు ఉంటోందో చూడడం
- మూడు నెలలకోసారి వోల్టేజీ కొలిచి పెట్టె మూతలోని అంకెతో పోల్చడం. అర వోల్టు తగ్గితే జాయింటు విప్పి చిలుము గీకి మళ్లీ బిగించడం
- వానలకు ముందు పెట్టె రబ్బరు సీలు చూసుకోవడం, చీమలు గూడు పెట్టాయేమో తెరిచి చూడడం

ఇవన్నీ అయ్యాక, మొదటి రాత్రి నిలబెట్టిన మనిషినే అవే దూరాల్లో మళ్లీ నిలబెట్టి రికార్డు చెయ్యండి. పాత క్లిప్పు పక్కన పెట్టి చూడండి. మామయ్య గేటు దగ్గర ఇప్పుడు పాలవాడి సైకిలు హ్యాండిలుకు వేలాడే క్యాను కూడా తెలుస్తోంది. పెరట్లో మోటారు దగ్గర లైటు ఇంకా పెట్టాలి. పాక కప్పు తాటాకు, కాబట్టి దాన్ని ఆనించకుండా విడిగా ఇనుప పైపు పాతి బిగిద్దామని అనుకున్నాం.